దేవకాంచనం చెట్టుకి పిండినల్లి, మూడుసార్లు మందు కొట్టినా పోవట్లేదు

కాంచనం_నీడ
అందరికీ నమస్కారం. మా ఇంటి ముందు దేవకాంచనం చెట్టు ఉంది, నాటి 9 ఏళ్లు, ఇప్పుడు 15 అడుగుల దాకా ఉంటుంది. పోయిన సీజన్ దాకా ఏ ఇబ్బందీ లేదు, నిండా పూసేది. ఈసారి కొత్త చిగుర్లు అన్నీ ముడుచుకుపోయి, కణుపుల దగ్గర తెల్లగా దూది అంటించినట్టు కనిపిస్తోంది. కింద కారు పెడితే పొద్దున్నకి అద్దం మీద జిగటగా చుక్కలు, తుడిస్తే పోదు. కింది ఆకులైతే పైన నల్లగా మసి పట్టినట్టు అయిపోయాయి, వేలితో రాస్తే ఊడి వస్తోంది.

పది రోజులకి ఒకసారి చొప్పున మూడుసార్లు మందు కొట్టించాను. మొదటిసారి కొట్టాక నాలుగు రోజులు తగ్గినట్టే అనిపించింది, మూడోసారి కొట్టి నెల దాటేసరికి మొదటికంటే ఎక్కువైంది. ఇప్పుడు ఎవరో చెప్పారు, వేరు దగ్గర పోసే మందు ఉంది, అది పోస్తే చెట్టు మొత్తం ఎక్కుతుంది, ఏడాది దాకా ఏ పురుగూ రాదు అని. ఇంకో 20 రోజుల్లో మొగ్గ తొడుగుతుంది, అందుకే తొందరగా చేయాలని ఉంది. పోయొచ్చా? ఎంత పోయాలి?

పాతతోట
ఆగండి, ఏదీ పోయకండి ముందు. నాలుగు విషయాలు చెప్పండి. కొట్టిన మందుల పేర్లేంటి, బ్రాండ్ కాదు, డబ్బా మీద చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరు. చెట్టు మీద చీమలు తిరుగుతున్నాయా, మొదలు దగ్గర నిలబడి ఒక నిమిషం చూసి చెప్పండి. ఈ ఏడాది ఎరువు ఏమన్నా కొత్తగా వేశారా, కొమ్మలు గట్టిగా కొట్టించారా. ఆ తెల్లవి అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, లేక వేరే రకంగా ఉండేవి కూడా ఉన్నాయా. చివరిదానికి ఫోటో కావాలి, దగ్గర నుంచి, వీలైతే భూతద్దం పెట్టి తీయండి.

కాంచనం_నీడ
మందులు: మొదటిది సైపర్‌మెత్రిన్, రెండోది ఇమిడాక్లోప్రిడ్, మూడోది థయామెథాక్సామ్. ఒకటే మందు పదే పదే వాడకూడదు అన్నారని మార్చి మార్చి కొట్టించా.

చీమలు విపరీతంగా ఉన్నాయి. మొదలు నుంచి పైదాకా బారులు తీరి వెళ్తున్నాయి, కానీ అవి చెట్టుని ఏం చేయవు కదా అని పట్టించుకోలేదు.

ఎరువు, అవును, పూలు ఎక్కువ రావాలని చలి తగ్గగానే యూరియా రెండుసార్లు వేశాను. కొమ్మలు కూడా కరెంటు తీగలకి తగులుతున్నాయని ఒక వైపు మొత్తం కొట్టించాం. ఫోటో రేపు పెడతాను, ఎండ సరిగ్గా ఉన్నప్పుడు.

ఆకుఅడుగు
సమాధానం చాలావరకు మీరే చెప్పేశారండి. ఒక్కోటి చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ రెండూ ఒకే గ్రూపు. నియోనికోటినాయిడ్లు అంటారు, రెండూ పురుగు నరాల్లో ఒకే చోట పనిచేస్తాయి. పేరు మారింది, డబ్బా మారింది, పురుగుకి మాత్రం అదే మందు రెండోసారి తగిలింది. మార్చడం అంటే గ్రూపు మార్చాలి. లేబుల్ మీద గ్రూపు నంబరు వేసి ఉంటే అది చూసుకోండి, ఈ రెండింటికీ 4ఏ అనే ఉంటుంది.

సైపర్‌మెత్రిన్ సంగతి ఇంకా ముఖ్యం. పిండినల్లికి పైన మైనం పొడి ఉంటుంది, దాని గుడ్లు దూది సంచిలో ఉంటాయి, కొన్ని రకాల్లో ఒక్కో సంచిలో వందల గుడ్లు. పైపైన తగిలే మందు ఆ సంచిలోకి దిగదు. మరి ఎవరికి తగిలింది? ఆకుల మీద బయట తిరుగుతూ పిండినల్లిని తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పిండినల్లిలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు, వీటికి ఏ మైనమూ లేదు, మొత్తం అవే పోయాయి. నాలుగు రోజులు తగ్గినట్టు కనిపించింది పెద్ద పురుగులు కొన్ని చావడం వల్ల. తర్వాత సంచులు పగిలి పిల్లలు బయటకొచ్చేసరికి తినేవాళ్లే లేరు. మీరన్న "మొదటికంటే ఎక్కువైంది" అందుకే.

ఇక యూరియా. నత్రజని ఎక్కువైతే చిగురు మెత్తగా, రసం నిండుగా వస్తుంది. రసం పీల్చే పురుగుకి అంతకంటే ఏం కావాలి. ఒక వైపు కొమ్మలు కొట్టడం వల్ల కూడా అదే లేత చిగురు గుబురుగా వచ్చుంటుంది. నేను పందెం కాస్తాను, ఆ కొట్టిన వైపే పురుగు ఎక్కువ ఉంది, అవునా?

కాంచనం_నీడ
అవునండీ!! ఆ వైపే ఎక్కువ. ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. రెండో వైపు ముదురు ఆకుల్లో అక్కడక్కడా మాత్రమే ఉంది.

తోటపనోడు
అన్నా ఇవన్నీ కరెక్టే కానీ 15 అడుగుల చెట్టు, కింద నుంచి సబ్బు నీళ్లు కొట్టుకుంటూ ఎంతకాలం కూర్చుంటారు. నేను రెండేళ్ల కింద మా గేటు పక్కన వేలాడే కొమ్మల ఫైకస్‌కి ఇమిడాక్లోప్రిడ్ వేరు దగ్గర పోశాను, మూడు వారాల్లో చెట్టు క్లీన్. పైకి స్ప్రే కొట్టే పని లేదు, గాల్లో మందు మన మీద పడదు, పక్కింటి వాళ్లతో గొడవ లేదు. నా ఓటు దానికే.

తేనెపట్టు
తోటపనోడు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇది ఫైకస్ కాదు, దేవకాంచనం. ఇంకో 20 రోజుల్లో మొగ్గ తొడుగుతుంది. వేరు దగ్గర పోసిన మందు ఆకుకి ఎక్కినట్టే పూల తేనెకీ పుప్పొడికీ ఎక్కుతుంది. మాను కట్టిన చెట్లలో అది నెలల తరబడి ఉంటుంది, కొన్నిట్లో ఏడాది దాటి కూడా. "ఏడాది దాకా ఏ పురుగూ రాదు" అని చెప్పినవాళ్లు ఆ ఏడాదిలో వచ్చే పూల సంగతి చెప్పలేదు.

2013 జూన్‌లో అమెరికా ఒరెగాన్ రాష్ట్రంలో విల్సన్‌విల్ అనే ఊళ్లో ఒక పార్కింగ్ స్థలంలో లిండెన్ చెట్లున్నాయి, నీడ కోసం అందం కోసం పెంచినవే. వాటికి పేనుబంక పట్టింది. పూత మీద ఉండగానే డైనోటెఫ్యూరాన్ కొట్టారు, అది కూడా ఈ నియోనికోటినాయిడ్ల గ్రూపే. సుమారు 50 వేల బంబుల్ తేనెటీగలు ఆ చెట్ల కింద చచ్చి పడ్డాయి. తర్వాత కొత్తగా వచ్చే తేనెటీగలు కూడా చావకుండా ఆ చెట్లకి వలలు చుట్టాల్సి వచ్చింది. ఎందుకోసం ఇదంతా? పేనుబంక లిండెన్ చెట్టుని చంపదు. కింద జిగట పడుతుంది, అంతే. మనం ఇప్పుడు మాట్లాడుతున్న కారు అద్దం లాంటి సమస్యే.

2018లో యూరోపియన్ యూనియన్ ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ మూడింటినీ ఆరుబయట వాడకుండా ఆపేసింది. నేను మూడు తేనెపెట్టెలు పెంచుతాను కాబట్టి నాకిది పుస్తకంలో విషయం కాదు. దయచేసి పూసే చెట్టుకి పూతకి ముందు ఆ మందు పోయకండి.

తోటపనోడు
తేనెపట్టు గారూ అర్థమైంది. పూసే చెట్టు అన్న సంగతి నేను ఆలోచించలేదు, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో విషయం దాచకూడదు కాబట్టి చెప్తున్నా, ఆ మందు పోసిన తర్వాత ఎండలు ముదిరేసరికి అదే ఫైకస్‌కి ఆకులన్నీ ఇసుక చల్లినట్టు పాలిపోయి రాలిపోయాయి. అప్పుడు నీళ్లు తక్కువయ్యాయి అనుకున్నా. ఇప్పుడు అనుమానం వస్తోంది.

ఆకుఅడుగు
ఎర్రనల్లి అయ్యుంటుంది. ఇమిడాక్లోప్రిడ్ వాడిన చెట్ల మీద నల్లి పెరగడం చాలాసార్లు చూసిందే, పరిశోధనల్లో కూడా నమోదైంది. పేరులో నల్లి ఉన్నా పిండినల్లి వేరు, ఈ నల్లి పురుగు జాతి కాదు, ఎనిమిది కాళ్లది, సాలీడు వైపు చుట్టం. ఆ మందు దాన్ని చంపదు, దాన్ని తినేవాటికి మాత్రం దెబ్బ తగులుతుంది.

ఈసారి అనుమానం వస్తే తెల్ల కాగితం కొమ్మ కింద పట్టుకుని రెండు దెబ్బలు కొట్టండి. దుమ్ములా రాలినవాటిలో కొన్ని మెల్లగా నడుస్తుంటే అది నల్లి. దానికి ముందు చేయాల్సింది పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టడం, రోడ్డు దుమ్ము పడే చెట్లకి ఇంకా ముఖ్యం, దుమ్ములో వేడిలో నల్లి బాగా పెరుగుతుంది. గంధకం కూడా పనిచేస్తుంది, కానీ 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది, నూనె మందు కొట్టిన రెండు మూడు వారాల్లోపు అసలు కొట్టకూడదు.

కాంచనం_నీడ
(మర్నాడు)
ఫోటోలు పెట్టాను చూడండి. మొదటి రెండు మామూలు తెల్లవి. మూడో ఫోటోలోది చూస్తే భయం వేసింది, అదే తెల్లది కానీ రెండు మూడింతలు పెద్దది, ఒళ్లంతా తెల్ల పీచులు వేలాడుతున్నాయి, గబగబా నడుస్తోంది. ఇది పిండినల్లి తల్లి అనుకుంటా. కొట్టిన వైపు కొమ్మల మీద ఇవి ఓ 20 దాకా కనిపిస్తే పొద్దున్నే పుల్లతో నలిపేశాను.

ఆకుఅడుగు
అయ్యో. నలపకండి, ఇంకొక్కటి కూడా నలపకండి!

మూడో ఫోటోలోది పిండినల్లి కాదు. దాన్ని తినే అక్షింతల పురుగు పిల్ల. క్రిప్టోలీమస్ అంటారు. వేషం మాత్రం అచ్చం పిండినల్లిదే, మైనం పీచులు కప్పుకుని వాటి మధ్యనే తిరుగుతుంది, చీమలు కూడా తొందరగా గుర్తుపట్టవు. గుర్తులు మూడు చెప్తాను. పిండినల్లి 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇది 13 దాకా పెరుగుతుంది. దీని పీచులు పొడుగ్గా చిందరవందరగా ఉంటాయి. పుల్లతో తాకితే పిండినల్లి దాదాపు కదలదు, ఇది పరిగెత్తుతుంది. పెద్దదయ్యాక చిన్న నల్లటి పురుగు అవుతుంది, తల, వెనక కొస నారింజ రంగులో ఉంటాయి.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. కాలిఫోర్నియాలో నిమ్మ, నారింజ తోటల్ని ఒక రకం దూది పొలుసు పురుగు నాశనం చేస్తుంటే 1888లో ఆల్బర్ట్ కోబెలె అనే కీటక శాస్త్రవేత్తని ఆస్ట్రేలియా పంపారు, దాని శత్రువుని వెతకమని. ఆయన వెడాలియా అనే అక్షింతల పురుగుని పంపితే రెండేళ్లు తిరక్కుండా తోటలు తేరుకున్నాయి. తర్వాత 1891లో మళ్లీ వెళ్లి పిండినల్లి కోసం తెచ్చినవాటిలో ఒకటి ఈ క్రిప్టోలీమస్సే. అప్పట్నుంచి దేశదేశాలకి కొనితెచ్చి మరీ వదులుతున్నారు. మీ చెట్టుకి అది అడక్కుండానే వచ్చింది. మీరు మందు ఆపి నెల దాటింది కాబట్టి పక్క చెట్ల నుంచి ఎగిరొచ్చి గుడ్లు పెట్టి ఉంటుంది.

కాంచనం_నీడ
చాలా బాధగా ఉంది. పొద్దున్న నలిపినవన్నీ గుర్తొస్తున్నాయి. మిగిలినవి ఉన్నాయా లేవా అని టార్చ్ వేసుకుని ఇప్పుడు వెతికితే ఏడు కనిపించాయి. వాటికి ఏం కావాలి, ఏం చేయాలి చెప్పండి.

పాతతోట
ఏడు ఉన్నాయి కదా, చాలు, బాధపడకండి. పైకొమ్మల్లో మీకు కనిపించనివి ఇంకా ఉంటాయి.

వాటికి కావాల్సింది ఒకటే, చీమలు పైకి రాకపోవడం. పిండినల్లి, పేనుబంక, మెత్తటి పొలుసు పురుగు, ఇవన్నీ చెట్టు రసం పీల్చి మిగిలిన తీపి నీళ్లు వదులుతాయి. తేనెబంక అంటాం. మీ కారు అద్దం మీద పడేది అదే. ఆకు మీద పడి దాని మీద బూజు పెరిగితే మీరు చూసిన నల్ల మసి. ఆ మసి ఆకు లోపలికి పోదు, పైన కూర్చుని ఎండ తగలనివ్వదు అంతే, దానికి విడిగా బూజు మందు కొట్టడం దండగ, తేనెబంక ఆగితే అదే ఎండి పెచ్చులుగా ఊడిపోతుంది. చీమలు ఆ తీపి కోసం వచ్చి పిండినల్లికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని కరిచి తరిమేస్తాయి, పిండినల్లి పిల్లల్ని మోసుకెళ్లి కొత్త చిగురు మీద దింపుతాయి కూడా. చీమలు చెట్టుని ఏం చేయవు అన్నారు చూడండి, అక్కడే మొత్తం కథ ఉంది.

మొదలు చుట్టూ, నేల నుంచి మూడు అడుగుల ఎత్తులో, ముందు గుడ్డ గానీ మందపాటి కాగితం గానీ బిగుతుగా చుట్టి దాని మీద జిగురు రాయండి. బెరడు మీద నేరుగా రాయొద్దు, బెరడు దెబ్బతింటుంది. బెరడు పగుళ్ల సందుల్లోంచి చీమలు దూరిపోతాయి కాబట్టి గుడ్డ కింద దూది కుక్కండి. వారానికోసారి చూడండి, దుమ్ము ఆకులు పడితే జిగురు మీద వంతెన కట్టినట్టే. గోడకి, తీగకి, పక్క చెట్టుకి తగిలే కొమ్మ ఒక్కటి ఉన్నా చీమలు అటు నుంచి వస్తాయి, అవి కత్తిరించాలి.

బాగా ముడుచుకుపోయిన చిగుర్లు కత్తిరించి సంచిలో కట్టి పారేయండి, కింద వదిలేస్తే మళ్లీ పాకి ఎక్కుతాయి. కత్తిరించే ముందు ఒక్కో కొమ్మ మీద ఆ పొడుగు పీచులవి ఉన్నాయేమో చూడండి, ఉంటే ఆ కొమ్మ వదిలేయండి. యూరియా ఆపండి. నీళ్లు లోతుగా, తక్కువసార్లు.

మిద్దెమొక్క
సబ్బు నీళ్లు, వేపనూనె కొట్టొచ్చా మరి? అవి కొడితే అక్షింతల పురుగులు పోవా?

పాతతోట
తగిలినవాటికి దెబ్బే, మెత్తటి ఒళ్లున్న పిల్లలకి ఎక్కువ. కానీ సబ్బు తడి ఆరిపోయాక పనిచేయదు, మర్నాడు ఎగిరొచ్చిన అక్షింతల పురుగుకి ఏమీ కాదు. సైపర్‌మెత్రిన్ లాంటివి ఆకు మీద వారాలు ఉండి వచ్చినదాన్నల్లా చంపుతాయి. అందుకే అక్షింతల పురుగు లేని కొమ్మ చూసి ఆ కొమ్మకే సబ్బు కొట్టండి, చెట్టు మొత్తానికి కాదు.

సబ్బు అంటే పొటాష్ సబ్బు, లీటరుకి 10 నుంచి 20 మిల్లీలీటర్లు. బట్టల డిటర్జెంటు వద్దు, ఆకు మీద మైనం పొర కరిగి అంచులు మాడతాయి. వేపనూనె అయితే లీటరుకి 5 మిల్లీలీటర్లు, ముందు నూనెలో కొంచెం సబ్బు కలిపి గిలక్కొట్టి తెల్లగా అయ్యాకే నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలి మొదటి కొమ్మకి నీళ్లు చివరి కొమ్మకి ఉత్త నూనె పడుతుంది. సాయంత్రం కొట్టండి. ముందు నాలుగు ఆకులకి కొట్టి చూడండి, రెండు రోజుల్లో మాడకపోతేనే మిగతాది. అడుగు వైపు తడవాలి, పైన ఎంత తడిపినా లాభం లేదు.

ఎత్తుకి కొట్టేటప్పుడు గాలి మన మీదకి ఉంటే ఆపేయండి, మాస్కు, కళ్లద్దాలు, చేతికి తొడుగులు వేపనూనెకి కూడా పెట్టుకోవాలి.

పచ్చగేటు
ఇదే చర్చలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా ఫైకస్ ఆకులు మధ్యలో మడిచి పర్సు మూసినట్టు అయిపోతున్నాయి, విప్పితే లోపల సన్నటి నల్ల పురుగులు గీతల్లా. మూడు మందులు మార్చా, ఏదీ పనిచేయట్లేదు.

ఆకుఅడుగు
ఫైకస్ తామర పురుగులు. ఆకు మడత లోపల ఉంటాయి, పైన కొట్టింది లోపలికి ఎలా వెళ్తుంది? మడిచిన ఆకులున్న కొసలు కత్తిరించి సంచిలో కట్టి పారేయండి. అలాంటి ఆకులు ఎక్కువ ఉంటే రెండు మూడు విడతల్లో తీయండి. లోపల ఆ నల్లవాటితో పాటు వేరే చురుకైన చిన్న పురుగులు కనిపించొచ్చు, వాటిని తినేవి, అలాంటివి ఎక్కువున్న ఆకులు చెట్టు మీదే ఉంచండి. పదే పదే కత్తెరతో సమానంగా గుండ్రంగా కట్ చేస్తుంటే ఎప్పుడూ లేత ఆకే ఉంటుంది, తామర పురుగుకి లేత ఆకే కావాలి. ఏడాదికి కత్తిరింపులు తగ్గించండి.

మిద్దెమొక్క
నాది గన్నేరు. వేలంత లావు ఆకుపచ్చ పురుగు, తల దగ్గర నీలం రంగులో రెండు కళ్లలాంటి మచ్చలు, రెండు రోజుల్లో కొమ్మ మొత్తం గొరిగేసింది. పిల్లలు భయపడుతున్నారు. కుడుతుందా?

తేనెపట్టు
కుట్టదండి, ఆ కళ్లు బెదిరించడానికే. గన్నేరు డేగ చిమ్మెట పిల్ల అది, పెద్దయ్యాక ఆకుపచ్చ గులాబీ రంగుల్లో చాలా అందంగా ఉంటుంది. ఒకటో రెండో ఉంటే చేత్తో తీసి దూరంగా వదిలేయండి, గన్నేరు నాలుగు వారాల్లో మళ్లీ చిగురేస్తుంది. తొడుగులు మాత్రం తప్పకుండా వేసుకోండి, పురుగు కోసం కాదు, గన్నేరు పాలు విషం, ఆ చేత్తో కళ్లు నలుపుకోకూడదు. కొమ్మలు కాల్చొద్దు కూడా, పొగ మంచిది కాదు.

అలాగే రేల చెట్టు ఉన్నవాళ్లెవరైనా ఉంటే, లేత ఆకులు తినే సన్నటి పచ్చ పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి, చాలావరకు అవి లేత పసుపు సీతాకోకచిలుకలు. రెండు వారాల్లో ఎగిరిపోతాయి. పెద్ద ఆరోగ్యమైన చెట్టు పావు వంతు ఆకు పోయినా తట్టుకుంటుంది.

పచ్చగేటు
గొంగళ్లకి బీటీ కొట్టొచ్చు అంటారు కదా, అది మంచిదేనా?

ఆకుఅడుగు
మంచిదే, బాసిలస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకి అనే బ్యాక్టీరియా. గొంగళి తింటేనే పనిచేస్తుంది, కడుపులో పేగు దెబ్బతిని కొన్ని గంటల్లో తినడం ఆపేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఇంకా కదులుతున్నాయి అని చాలామంది మర్నాడే వేరే మందు కొట్టేస్తారు, అది తప్పు. చిన్న గొంగళ్లకే సరిగ్గా పనిచేస్తుంది, ఎండకి పాడవుతుంది, సాయంత్రం కొట్టాలి. పిండినల్లికి, పేనుబంకకి పనికిరాదు. సీతాకోకల పిల్లల్ని కూడా చంపుతుంది కాబట్టి రేల చెట్టుకి మాత్రం నేను కొట్టను.

ఒక మెలిక ఉంది. గొంగళిలా కనిపించే రంపపు ఈగ పిల్లలకి బీటీ పనిచేయదు. పొట్ట కింద మెత్తటి కాళ్లు లెక్కపెట్టండి. ఐదు జతలు, అంతకు తక్కువ అయితే గొంగళి. ఆరు జతలు, అంతకు ఎక్కువ అయితే రంపపు ఈగ పిల్ల.

నల్లమన్ను
మా తురాయి చెట్టు మానుకి పక్క కొమ్మ చీలే చోట గోధుమ రంగు పొట్టు, సాలెగూడులాంటి దారంతో కలిపి పట్టీలా అంటుకుని ఉంది. చెట్టు పెద్దది, 30 ఏళ్లుంటుంది. తీసేస్తే కింద బెరడు గీకినట్టు ఉంది. ఇదేంటి?

పాతతోట
బెరడు తినే పురుగు. పగలు చిన్న కన్నంలో ఉంటుంది, రాత్రి ఆ పట్టీ కిందుగా వచ్చి బెరడు తింటుంది. పట్టీ మొత్తం బ్రష్‌తో ఊడ్చేయండి, ఎక్కువగా కొమ్మ చీలే సందులో కన్నం కనిపిస్తుంది. సన్నటి ఇనుప తీగ లోపలికి పెట్టి తిప్పండి, పురుగు దానికి గుచ్చుకుంటుంది. తర్వాత కిరోసిన్‌లో తడిపిన దూది చిన్న ఉండ కుక్కి బంకమట్టితో మూసేయండి. పది రోజులకి చూసి కొత్త పొట్టు కనిపిస్తే మళ్లీ. పూతకి, ఆకులకి ఈ పురుగు కోసం మందు కొట్టేవాళ్లున్నారు, అది లోపల ఉంటే ఆకుల మీద కొట్టి ఏం లాభం.

30 ఏళ్ల చెట్టు కాబట్టి ఒకమాట. మాను తొలిచే పురుగులు ఎక్కువగా నీరసపడ్డ చెట్టునే ఎంచుకుంటాయి. మొదలు చుట్టూ సిమెంటు వేసేశారా, వేర్లు తవ్వారా, నీళ్లు అందుతున్నాయా చూడండి.

నల్లమన్ను
అవునండి, రెండేళ్ల కింద మొదలు దాకా సిమెంటు పోయించాం. పగలగొట్టిస్తాను.

పాతతోట
మంచిది. మెల్లగా, వేరు తెగకుండా. ఈత చెట్లు, ఇతర పామ్‌లు ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, అందంగా ఉండాలని పచ్చి మట్టలు కోయకండి. పచ్చి గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది, గుడ్లు అక్కడే పెడుతుంది. పిల్ల పురుగు మాను లోపలే పెరుగుతుంది కాబట్టి మొవ్వు వాలేదాకా మనకి తెలియదు, అప్పటికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ఎండిన మట్టలే తీయండి.

కాంచనం_నీడ
(3 వారాల తర్వాత)
ఏమైందో చెప్తాను. జిగురు పట్టీ కట్టాను. మొదటి మూడు రోజులు చీమలు తగ్గలేదు, ఎందుకా అని చూస్తే కేబుల్ తీగ మీదుగా వస్తున్నాయి, ఆ కొమ్మ కత్తిరించాక ఆగిపోయాయి. ముడుచుకున్న చిగుర్లు మూడు సంచులు తీశాను. సబ్బు నీళ్లు ఒకసారే, కింది రెండు కొమ్మలకి.

నిన్న లెక్కపెట్టాను, నా కళ్లకి అందిన ఎత్తులోనే 40కి పైగా అక్షింతల పిల్లలు. నారింజ తల నల్ల పురుగులు కూడా రెండు చూశాను. దూది సంచులు చాలావరకు ఖాళీగా, చిరిగిపోయి ఉన్నాయి. కారు మీద చుక్కలు ఇంకా పడుతున్నాయి కానీ పొద్దున్నే తడిగుడ్డతో తుడిస్తే పోతున్నాయి. మొగ్గలు తొడిగాయి.

తోటపనోడు
సూపర్ అన్నా. నేను కూడా ఫైకస్ కింద తెల్ల కాగితం పట్టి కొట్టి చూశా, ఆకుఅడుగు గారు చెప్పినట్టే నడిచాయి. రెండు రోజులకోసారి పైపుతో అడుగు వైపు కడుగుతున్నా. వారంగా కొత్త ఆకు శుభ్రంగా వస్తోంది.

తేనెపట్టు
కాంచనం_నీడ గారూ, పూత వచ్చాక పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య ఒక పావుగంట చెట్టు కింద నిలబడి ఎన్ని రకాల తేనెటీగలు వస్తున్నాయో చూసి ఇక్కడ రాయండి. నేను ఎదురుచూస్తుంటాను.

కాంచనం_నీడ
(2 నెలల తర్వాత)
తేనెపట్టు గారూ, మూడు రకాలు చూశాను. మామూలు తేనెటీగలు, చాలా చిన్న నల్లవి, ఇంకా నీలం మెరుపుతో నల్లగా బొద్దుగా పెద్ద శబ్దం చేసేవి. పూత నిరుటికంటే తక్కువే, కొట్టిన వైపు ఇంకా తేరుకోలేదు. పిండినల్లి పూర్తిగా పోలేదు, కొన్ని కణుపుల్లో కనిపిస్తోంది, దాని పక్కనే ఒకటో రెండో అక్షింతల పిల్లలు కూడా ఉంటున్నాయి. మసి ఆకుల మీద పెచ్చులుగా రాలుతోంది.

నిన్న జిగురు పట్టీ విప్పి చూస్తే కింద బెరడు కొంచెం చెమ్మగా ఉంది. ఎండబెట్టి వేరే ఎత్తులో కట్టాలా, లేక చీమలు తగ్గాయి కాబట్టి కొన్నాళ్లు తీసేయొచ్చా?

పాతతోట
తీసి రెండు వారాలు ఆరనివ్వండి. రోజూ ఒకసారి మొదలు చూడండి. చీమల బారు మళ్లీ మొదలైన రోజే జానెడు పైన కొత్తది కట్టండి.